నడిమి ధర

పళ్లెంలో కుడివైపు ఉప్మా అయిపోయింది. ఎడమవైపు సగం అలాగే ఉంది.

"ఇంకింత పెట్టు తారా, కడుపు నిండలే" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

తారాబాయి పళ్లాన్ని సగం చుట్టు తిప్పింది. మిగిలిన ఉప్మా కుడివైపుకు వచ్చింది. ఆయన కొత్తగా వడ్డించినట్టే ఇష్టంగా తిన్నాడు. వానాకాలంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఇంతే. ఎందుకో ఆమెకు తెలియదు. తిప్పితే తింటాడని మాత్రం తెలుసు.

చేయి కడిగించి, ఎప్పటిలాగే ఆయన ఎడమ పక్కన మంచం మీద కూర్చుంది. భార్య చోటు అదేనని పెళ్లినాడు అత్తగారు చూపించిన చోటు.

"గీయేడు పసుపు మంచిగొచ్చిందట" అంది.

ఆయన మొహం కుడివైపు కిటికీకేసి తిప్పుకున్నాడు.

ఎదురుగా నిలబడి వడ్డిస్తే మాట్లాడతాడు. మందుబిళ్ల కుడిచేతిలో పెడితే మాట్లాడతాడు. ఊరికే పక్కన కూర్చుంటే మాత్రం మొహం తిప్పుకుంటాడు. ఆయన పడిపోయిన రోజు ఆమె బాల్కొండలో తమ్ముడి ఇంట్లో ఉంది. ఆ కోపం ఇంకా చల్లారలేదని ఆమె నమ్మకం. ఎవరికీ చెప్పుకోలేదు.

"చెప్పులు ఎటుపాయె? దుకాణం పోవాలె" అని ఆయన కర్ర అందుకున్నాడు.

కొడుకు మధుకర్ గుమ్మంలోనే ఆపాడు. "ఎటు బాపు? ఇయ్యాల వద్దు. ఇయ్యాలే కాదు, ఇగ ఎప్పటికీ వద్దు."

"పసుపు సీజన్ల ఇంట్ల కూసునే మొహమారా నాది?"

"నిన్న కూసుంటే ఏమైందో మరిచిపోయినవా?"

ఆర్మూరులో వాళ్లది రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే పసుపు అడ్తి దుకాణం. రైతు ఒక ధర, వ్యాపారి ఒక ధర చెప్పి ఇద్దరూ మొండికేస్తే, గద్దె మీది అడ్తిదారు నడిమి ధర చెప్తాడు. ఆ తర్వాత ఇద్దరూ మారుమాట్లాడరు. లక్ష్మీనర్సయ్య చెప్పిన నడిమి ధరను కాదన్నవాళ్లు లేరు. నిన్న భీమ్‌గల్ రైతు భోజన్న క్వింటాలుకు పద్నాలుగు వేలు అడిగాడు. దయానంద్ సేటు పది దాటనన్నాడు. లక్ష్మీనర్సయ్య తడుముకోకుండా "నడిమి ధర పదమూడు" అన్నాడు. దయానంద్ లేచి వెళ్లిపోయాడు.

"'మీ బాపుకు రైతు ముట్టజెప్పిండా, లేకుంటే దిమాక్ పోయిందా?' అని అందరి ముంగట అడిగిండు. నేనేం చెప్పాలె?" అన్నాడు మధుకర్.

"దిమాక్ పోయింది వానికి. నడుమ ఏదో నాకు తెల్వదా?"

"చెప్పు మరి. పదికి పద్నాలుగుకు నడుమ ఎంత?"

"పదమూడు."

మధుకర్ తల పట్టుకున్నాడు. లోపలి గదిలోంచి అతని కూతురు అంకిత వచ్చింది. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చదువుతోంది, సెలవులకు నిన్న రాత్రే దిగింది.

"తాతా, పదిహేడు పన్నెండ్లు ఎంత?"

"రెండు వందల నాలుగు. ఏందే, నాకు ఎక్కాల పరీక్షనా?"

"లెక్క సాఫ్‌గ ఉంది డాడీ" అంది అంకిత. తాత ముందు నేల మీద కూర్చుంది. "మరి నడుమ ఎట్ల చూస్తవ్ తాతా?"

"చూసుడేంది? అంకెలన్నీ వరుసగ నిలవడ్తయి. చిన్నవి మొదలు, పెద్దవి గా కొసకు. వరుస నడుమ చెయ్యి పెడ్త."

కుడిచేత్తో గాలిలో ఆ వరుస చూపించాడు. చేయి ఛాతీ ముందు మొదలై కుడివైపుకే సాగింది. ఎడమవైపుకు కొంచెం కూడా పోలేదు. అంకిత ఆ చేతినే చూసింది. తర్వాత కడగని పళ్లెం వైపు చూసింది.

"బాపమ్మా, నువ్వు పళ్లెం తిప్పుడు నేను ఇందాక చూసిన. తాత కన్ను మంచిగనే ఉంది. మెదడే ఎడమ దిక్కు ధ్యాస పెడ్తలేదు. అంకెల వరుస గూడ మన మనసుల ఎడమ నుంచి కుడికి ఉంటది. చిన్నవి ఉండే దిక్కు తాతకు లేకుంట పోయింది. కనవడే కుడి సగం నడుమ ఎతికితే పదమూడే దొరుకుతది."

"పేరేం పెట్టినా తప్పు తప్పే బిడ్డా" అన్నాడు మధుకర్. "మార్కెట్ల నిలవడి అందరికీ మెదడు పాఠం చెప్పుదునా?"

లక్ష్మీనర్సయ్య కర్రను నేలకు కొట్టాడు. "తప్పైతే దిద్దుకుంట. గంతేగాని ఇంట్ల పెట్టి గొళ్లెమేస్తనంటే ఊకోనురా! కాలు ఈడ్సుకుంటనన్న పోత."

"తాతా, ఒక్కటి చెయ్యి" అంది అంకిత. "అంకెల్ని అడ్డంగ పెట్టకు. గోదాంల బస్తాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టు. అడుగున పది, మీద పద్నాలుగు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కుడిచేయి మోకాలి దగ్గర నుంచి నెమ్మదిగా పైకి లేచింది, మళ్లీ దిగింది, మధ్యలో ఆగింది.

"పన్నెండు" అన్నాడు. కళ్లు తెరిచాడు. "పన్నెండేరా! మరి నిన్న పదమూడంటినా? దయానంద్‌ను ముంచవోతినా?" కర్ర ఊతంగా లేవబోయాడు. "వానికి మాఫీ చెప్పాలె. నేనే చెప్త. నా గద్దె మీద కూసోనే చెప్త."

పళ్లెం పట్టుకుని నిలబడిపోయిన తారాబాయి మెల్లగా అడిగింది. "అంకితా... ఎడమ దిక్కు మనిషి కూసుంటే?"

"మనిషి గూడ లేనట్టే బాపమ్మా. మాట ఇనవడితే ఇసొంటోళ్లు కుడి దిక్కు తిరిగి ఎతుకుతరు."

తారాబాయి పళ్లెం కింద పెట్టేసింది.

"తోలుకపోతనే అనుకో" అన్నాడు మధుకర్, స్వరం తగ్గించి. "నేను కాంటా కాడ ఉంట. బాపు పక్కన ఎవరుంటరు?"

"నేనుంట."

"గద్దె మీద ఆడోళ్లు కూసుంటరా అమ్మా? మార్కెట్ మార్కెట్ నవ్వుతది."

"నవ్వనియ్. నవ్వేటోళ్లు వచ్చి మీ బాపుకు అన్నం తినిపిస్తరా? ఆటో పిలువు."

దుకాణం ముందు పసుపు కొమ్ముల రాశులు పోసి ఉన్నాయి. లక్ష్మీనర్సయ్య గద్దె ఎక్కగానే దయానంద్‌ను పిలిపించాడు.

"నిన్న నా లెక్క తప్పింది సేటూ. మాఫీ చెయ్యి. నడిమి ధర పన్నెండు. భోజన్నా, నీకు ఒప్పుదలేనా?"

భోజన్న తల గోక్కున్నాడు. "పదమూడని రాత్రి నిద్రల గూడ సంబురపడ్డ సేటూ! సరే తియ్యి. నీ నోట్ల నుంచి వచ్చిందాన్ని నేను కాదనను."

"నాకు మంజూర్" అన్నాడు దయానంద్. అప్పుడే తారాబాయి చెంగు నడుముకు బిగించి గద్దె ఎక్కింది. అతను నవ్వాడు. "ఏం తారమ్మా, అడ్తి నీదేనా ఇగ?"

"నా మొగని పక్క నాదే సేటూ."

బజారంతా చూస్తుండగా ఎడమవైపు చోటు దాటి, భర్త వెనకగా నడిచి కుడి పక్కకు వచ్చింది. "అటు కాదమ్మా" అనబోయిన మధుకర్ తల్లి మొహం చూసి ఆగాడు. గోడకున్న దిండు తెచ్చి కుడివైపే వేశాడు.

లక్ష్మీనర్సయ్య ఆమెను తేరిపార చూశాడు. ఆయన కళ్లు నిండాయి.

"ఇయ్యాల తీరిందా తారా? అన్నం పెట్టి, మందిచ్చి మాయమైతవ్. జరసేపు పక్కన కూసుంటవేమోనని దినాం నీ మాట ఇనవడ్డ దిక్కల్ల చూసేది. పడ్డకాన్నుంచి నేను నీకు బరువైతి అనుకున్న."

రోజూ ఎడమ పక్కనే కూర్చున్నానని చెప్పాలనుకుంది. దానికి బదులు కొంగుతో ముందు ఆయన కళ్లు తుడిచింది, తర్వాత తనవి.

"ఇగ ఎటూ పోను" అంది. "గిటు దిక్కే ఉంట."