స్మృతిసుంకం

పరిశీలకురాలు తరళ ఇంకొకరిని అనివాసిగా నిర్ధారించి నిష్క్రమణ ద్వారం తెరిచింది. గని ఒప్పందాన్ని మధ్యలో విడిచి భూమికి వెళ్తున్న ఆ మనిషి, ఇక్కడి బంధాలను కొలిచే బంధమాపకంపై అరచేయి ఉంచినప్పుడు ముల్లు గీత దాటలేదు. చంద్రమండలంలో అతనికి జీవనకేంద్రం ఏర్పడలేదు. కనుక సుంకం లేదు. గీత దాటినవారు నివాసులు. వారు ఇక్కడి జ్ఞాపకాలన్నీ స్మృతికోశానికి చెల్లించి, వట్టి మనుషులుగా వెళ్లాలి. కొలిచేది యంత్రమే అయినా తీర్పు మనిషే ఇవ్వాలని శాసనం.

అద్దానికి అవతల గని ఒత్తిడిగదిలో పనిచేసే ముఠా తమ మనిషి సువార్తను సాగనంపుతోంది. వెళ్లేవారికి తోటివారు తలా ఒక ముద్ద తినిపించడం గనిలో ఆచారం. సువార్త ఊపిరితిత్తులు ధూళిని తట్టుకోలేకపోయాయి. ఆమెకు చివరి ముద్ద పెట్టినవాడు ముఠామేస్త్రి నరహరి, తరళ భర్త.

"ఆయ్, చాలండీ మేస్త్రిగారూ! ఈ బరువుకి రాకెట్టు లేవొద్దాండీ?"

"లేవకపోతే ఇక్కడే ఉండిపో," అని నవ్వాడు నరహరి.

ఇంట్లో అతడు అలా నవ్వి ఎంతకాలమైందో తరళకు గుర్తు రాలేదు.

ముద్దలు తిన్న వెంటనే కొలిస్తే ముల్లు ఎగబాకుతుందని పరిశీలకులందరికీ తెలుసు. మనసు కుదుటపడేదాకా కూర్చోబెట్టి కొలవడం వాడుక. తరళ సువార్తను వెంటనే పిలిచింది.

ముల్లు గీత దాటింది. అత్యధిక బంధం ఎవరితోనో తెర చూపింది: నరహరి. ఊహించినదే అయినా అక్షరాల్లో చూడడం వేరు.

"మా ఆయనతో నీకేముంది?"

సువార్త చేయి తీయలేదు. "ఏమీ లేదండీ. ఉంటే బావుండునని నేననుకున్నానండీ. ఆయనకి తెలీదు."

"ఇప్పుడు ఆ అనుకోవడమూ పోతుంది."

"తీసుకుంటే మీకేం వత్తాదండీ? కోశంలో పడేత్తారు. రేపు ఎవరు పడితే వాళ్లు చూత్తారు. నా దగ్గరుంటే నాతోటే పోద్ది గదండీ."

తరళ వేలు 'నివాసి' మీటపై ఆగింది. నొక్కితే చాలు, ఈ స్త్రీలో నరహరి ఉండడు. కానీ తాను అసూయపడుతున్నది నరహరి కోసమేనా? ఆ మాపకంపై తానెన్నడూ చేయి పెట్టలేదు. ముల్లు గీత దాటదని తెలుసు కనుకనే పెట్టలేదు. కొలవకపోయినా, కాగితాల మీద తాను ఇక్కడి నివాసి. సువార్త దక్కనిదాని మీద కూడా ఇల్లు కట్టుకోగలిగింది. తాను దక్కినదాని మీద కట్టుకోలేకపోయింది.

ఆమె 'అనివాసి' అని నమోదు చేసింది. మాపకాన్ని కాదన్నందుకు వ్యవస్థ కారణం అడిగింది.

'పరిశీలకురాలు అసూయతో, వేళ కాని వేళ కొలిచింది.'

ద్వారం తెరుచుకుంది.

"ఎల్లొత్తానండీ," అంది సువార్త.

వెళ్తున్న ఆ వీపును చూసినా తరళకు అసూయే కలిగింది.

తెరపై మరో ప్రశ్న వెలిగింది: 'ఈ కారణం ఇతర పరిశీలకులకూ వర్తించవచ్చునా?'

అద్దానికి అవతల నరహరి ఎంగిలి గిన్నెలు సర్దుతూ, ద్వారం వైపే చూస్తున్నాడు. తరళ 'అవును' నొక్కింది. 'మాపకాలన్నీ నిలిపివేయబడ్డాయి' అని తెర చూపింది.

వరుసలో తరువాతివాడు వచ్చి మాపకంపై అరచేయి ఆనించాడు. ముల్లు కదలలేదు. మండలంలో ఏ ద్వారం దగ్గరా కదలలేదు.