బోల్టు మీద సుద్దగీత

ఎవరో తన కారు మీద చెయ్యి వేస్తున్నారు.

ఒకసారి జరిగితే పొరపాటనుకోవచ్చు. రెండోసారి స్ప్రింగుది తప్పనుకోవచ్చు. వారంలో మూడోసారి కూడా, పది పౌండ్ల దాకా పోవలసిన గాలి ఒత్తిడి గేజి ముల్లు ఆరు దగ్గరే ఆగిపోతే, అసలే అనుమానపు పక్షి అయిన నాగభూషణం ఎవరిని నమ్ముతాడు?

తెనాలి నుంచి హిజ్లీ క్యాంపస్‌కి పరిశోధన కోసం వచ్చినవాడు. పాత కారొకటి కొని, తుక్కులో దొరికిన టర్బో దానికి తగిలించాడు. ఇంజిన్ వదిలే పొగతోనే తిరిగి, మళ్ళీ ఆ ఇంజిన్‌లోకే గాలి దట్టించే చక్రం అది. ఎంత దట్టించాలో ఒక బోల్టు చెబుతుంది. ఆదివారం యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద కార్ల పందెం. గెలుస్తానని క్యాంపస్ అంతా చాటింపు వేసుకున్నాడు. సరిగ్గా ఆ బోల్టునే ఎవరో వెనక్కి తిప్పుతున్నారు.

హాస్టల్లో కారు పెట్టనివ్వరు కనక, ఊళ్ళో ఖరిదా పేటలో ఎర్రయ్య మేస్త్రీ రేకుల షెడ్డులో పెట్టాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కళ్ళల్లో శుక్లాలు ముదిరి మంచం పక్కనున్న చెంబే సరిగ్గా కనబడదు. అందుకని పానా పట్టేదీ, గేజీలు చదివేదీ ఆయన కూతురు సింహాచలమ్మ.

ఆ అమ్మాయితో మొదటిరోజే పేచీ.

“ఈ బోల్టు మీద గీతేదండీ?” అంది.

“ఏ గీత?”

“సుద్దగీత. బిగించినోళ్ళు బోల్టు మీంచి బాడీ మీదకి ఒక గీత గీయాల. బోల్టు కదిలితే గీత ఇరిగిపోతాది. గీసినోళ్ళని అడక్కండా ఇంకొకలు ముట్టుకోకూడదు. మా వర్క్‌షాపు రూలు.”

“నేను రైల్వేవాణ్ణి కాదు. నాకు గేజి ఉంది.”

“గేజికి సెవులున్నాయేటి?”

అని, పొడుగాటి ఇనపకడ్డీ ఒక కొస ఇంజిన్‌కీ, రెండో కొస తన చెవికీ ఆనించింది. “పది కాడ లోపల గులకరాళ్ళు కొట్టుకున్నట్టు సప్పుడొత్తంది. తగ్గించండి, ఇంజినీరు బాబూ.”

మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అతను లెక్కల పుస్తకం చూపించాడు. ఆమె నుదుటి మీది గ్రీజు మరక ఎటు జరిగిందో మాత్రం మూడుసార్లూ శ్రద్ధగా గమనించాడు.

అతని అనుమానమంతా రిచర్డ్ మీద. పందెంలో పోటీదారు. రైలు డ్రైవరుగారి కొడుకు. రోజూ సాయంత్రం షెడ్డు ముందు నుంచి ఈల వేసుకుంటూ పోతాడు. పైగా “హలో, సింహా” అంటాడు. ఆమె నవ్వుతుంది. ఈ రెండో నేరం మొదటిదానికన్నా పెద్దదని నాగభూషణానికి తోచింది.

శనివారం మధ్యాహ్నం రేకుల మీద వాన దంచుతోంది. ఈసారి టార్చి పట్టుకుని కారు కిందకి దూరాడు.

బోల్టు మీంచి బాడీ మీదకి సన్నగా, తిన్నగా, తెల్లగా సుద్దగీత.

రిచర్డ్ బోల్టు తిప్పితే తిప్పుతాడు గానీ గీత గియ్యడు. మేస్త్రీకి బోల్టే కనబడదు. మిగిలింది ఒక్క మనిషి. ఆ మనిషి కాకుండా ఉంటే బాగుండునని అతను కారు కింద చాలాసేపు పడుకునే ఉన్నాడు.

బయటికొచ్చేసరికి ఆమె కిరసనాయిలులో ఏదో కడుగుతోంది.

“మీరేనా?”

“నేనే,” అంది తలెత్తకుండా.

“రిచర్డ్ తిప్పమన్నాడా?”

ఆమె చివాలున లేచింది. “ఆడికేటి సంబంధం? మూడుసార్లు సెప్పినాను. ఇన్నారా మీరు? ఇనుంటే నాకీ దొంగపని ఎందుకూ?”

“దొంగపని చేసినవాళ్ళు గీత కూడా గీస్తారా?”

సింహాచలమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది. “గీసీసినానా?” అంది నీరసంగా. “సెయ్యి ఊరుకోదండీ.”

అతనికి నవ్వొచ్చింది. అనుమానం ఆ నవ్వును బయటికి రానివ్వలేదు.

“నా మాట నమ్మొద్దు. ప్లగ్గులు ఇప్పి సూడండి,” అంది.

విప్పాడు. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని తెల్లటి పింగాణీ మీద ఆవగింజలో సగమంత వెండిరంగు చుక్కలు. నాగభూషణం చదువుకున్నవాడే. పెట్రోలు వేళ కాని వేళ పేలి, ఆ వేడికి పిస్టన్ తల కరుగుతోంది. రేపు రన్‌వే మీద పూర్తి వేగంలో ఉండగా అది చిల్లి పడితే? పానా కింద పెట్టేశాడు.

“పందెం మానేస్తున్నాను,” అన్నాడు.

“క్యాంపసంతా నవ్వుతారు.”

“నవ్వనీండి.”

ఆదివారం పందెం వేళకి ఇద్దరూ ఇంజిన్ విప్పి కూర్చున్నారు. మూడో పిస్టన్ పైభాగం గోతులు పడి, ఒకచోట కాయితమంత పలచనైపోయింది. దాన్ని చేతిలో పెట్టుకుని ఆమె ఆ పలచటి చోటుని వేలితో తడిమింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“వారం రోజులూ ఈ ఇంజిన్ కోసమేనా భయపడ్డారు?” అన్నాడు.

“ఇంజినైతే ఇంకోటి కొనుక్కుంటారు.”

ఇంతకన్నా తిన్నగా ఏ ఆడపిల్ల చెబుతుంది?

“నాకు మీరంటే ఇష్టం,” అన్నాడు నాగభూషణం. “రిచర్డ్‌ని అనుమానించింది కూడా అందుకే.”

“వచ్చే నెల రిసర్డ్ పెళ్ళండీ. మీకు ఈల ఇనబడ్డాది గానీ ఆడి సంబరం ఇనబడలేదు.”

వరండాలో మంచం కిర్రుమంది.

“కళ్ళు పోనాయి గానీ నాకు సెవులున్నాయి బాబూ,” అన్నాడు ఎర్రయ్య. “ఇంజిన్ ఆపీసినాక గంటసేపు ఏటి బిగిత్తన్నావో నెల్లాళ్ళై ఇంటన్నాను. మీ అమ్మానాన్నలకి కార్డు రాయి. ఆళ్ళొచ్చి ఊఁ అంటే, నాకు ఠీక్ హై.”

సింహాచలమ్మ చెంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. బానెట్ మీద అతని కుడి బొటనవేలి పక్కన తన బొటనవేలు ఆనించి, రెండింటి మీదుగా ఒకటే గీత గీసింది.

“నన్ను అడక్కండా ఇంకెవులూ ముట్టుకోకూడదు,” అంది.

ఆ రాత్రి హిజ్లీ మెస్సులో నాగభూషణం పప్పన్నం ఎడమచేత్తో, చెంచాతో తిన్నాడు. పందెం మానేసినందుకు నవ్వుదామని చుట్టూ చేరినవాళ్ళకి, కుడిచెయ్యి ఎందుకు కడుక్కోలేదో చివరిదాకా చెప్పలేదు.