నేరుగా వెళ్ళే విమానం

పొద్దున్నే పెద్దకూతురు పుట్టింటికి వెళ్ళేసరికి హాల్లో పెట్టె నోరు తెరుచుకుని ఉంది. అందులో బుల్లి టోపీలు, బుల్లి మేజోళ్ళు. సముద్రానికి అవతల ఉన్న చెల్లెలికి నెల రోజుల్లో కాన్పు. "నువ్వు లేకపోతే నా వల్ల కాదమ్మా" అని ఆ మహారాణి ఫోన్లో ఓ ఏడుపు ఏడిస్తే చాలు, మోకాళ్ళ నొప్పుల అమ్మ విమానం ఎక్కడానికి నడుం కట్టింది. పెద్దదాని ఇల్లు రెండు వీధుల అవతలే. అక్కడికి రమ్మంటే మాత్రం ఎక్కడలేని నొప్పులూ వచ్చేవి.

పెద్దది పనిచేసేది విమాన టికెట్ల ఆఫీసులో. ఏ ఊరు ఎంత దూరమో, ఎన్ని గంటల ప్రయాణమో ఆమెకు నోటికి వచ్చు.

"టికెట్ చూశావుటే?" అంది అమ్మ.

"చూశాను. రెండు చోట్ల దిగి ఎక్కాలి. మొత్తం ముప్పై గంటలు. ఒక రాత్రంతా కుర్చీలోనే జాగారం. నీ మోకాళ్ళతో అయ్యే పని కాదు."

అమ్మ ముఖం వాడిపోయింది. పెద్దదానికి ఓ పక్క జాలి, ఇంకో పక్క లోలోపల సంబరం.

"పోనీలే, కుర్చీలోనే కూర్చుంటాను. కొనెయ్యి" అంది అమ్మ.

సంబరం కాస్తా చప్పున చల్లారింది. సరిగ్గా అప్పుడే చెల్లెలి ఫోను. అమ్మ స్పీకరు పెట్టి ముప్పై గంటల సంగతి చెప్పింది.

"ముప్పై గంటలేమిటమ్మా? నేరుగా వచ్చే విమానం ఉందిగా, పదిహేను గంటలే! అక్కా, అవి రోజూ అమ్మేది నువ్వే కదే?"

అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అమ్మ ఫోను పెట్టేసింది.

"ఎందుకే అబద్ధం చెప్పావు?"

"కుళ్ళమ్మా, కుళ్ళు! చాలా? నా రెండు కాన్పులకీ ఇలా వచ్చి అలా వెళ్ళిపోయావు. మా ఇంట్లో ఒక్క రాత్రి ఉన్నావా? దానికోసం సముద్రం దాటేస్తావు. నేనేం పాపం చేశాను?"

అమ్మ పెట్టె పక్కన కూలబడింది.

"మొదటి కాన్పుకి బట్టలు సర్దుకునే వచ్చానే. నువ్వు అప్పటికే ఆయాని పెట్టావు, వంటమనిషిని పెట్టావు. బిడ్డని ఎత్తుకోబోతే 'అలిసిపోతావు, కూర్చో' అన్నావు. మంచినీళ్ళు ట్రేలో పెట్టి ఇచ్చావు, చుట్టానికి ఇచ్చినట్టు. పనీపాటా లేని చోట ఎన్నాళ్ళని కూర్చోను? నీ చెల్లెలు చేతకాక ఏడుస్తుంది, నేను పరిగెడతాను. నువ్వెప్పుడైనా నా దగ్గర ఏడ్చావుటే?"

పెద్దది నాన్న పోయిన నాటినుంచి అమ్మకు తన బరువు తెలియకూడదనే పంటి బిగువున బతికింది. అది ప్రేమనుకుంది. అమ్మకు అది మూసిన తలుపులా కనిపించిందని ఇన్నేళ్ళూ తెలియలేదు.

తన ఫోను తీసి నేరుగా వెళ్ళే విమానంలోనే టికెట్ కొంది. కాళ్ళు చాపుకునే చోటు వెతికి మరీ సీటు తీసుకుంది. అప్పటికి కళ్ళు మసకబారాయి.

"అమ్మా, ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. నా దగ్గరికి రావే."

"ఎందుకే, ఏమైంది?"

"నా వల్ల కావట్లేదమ్మా. ఆఫీసు, ఇల్లు, పిల్లలు... ఏదీ కావట్లేదు."

అంటూనే అమ్మ భుజం మీద తలపెట్టి చిన్నపిల్లలా భోరుమంది. అమ్మ కొంగుతో ఆమె ముఖం తుడిచి, లేచి చెప్పులు వేసుకుంది.

"పిచ్చిదానా, ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళా? పద, ముందు నీకింత వండిపెడతాను."