గ్లౌజులకు బీమా

పొద్దున ఏడు దాటింది. భోజనాల బల్ల మీద కప్పు పెట్టుకోవడానికి కూడా చోటు లేకుండా మూడు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడాయన. ఎగిరిపోకుండా ఒకదాని మీద ఉప్పు డబ్బా, ఒకదాని మీద కళ్లజోడు పెట్టె, ఇంకోదాని మీద సెల్‌ఫోను బరువు పెట్టాడు. ఆయనది ముప్పై ఏళ్లుగా అద్దాల వ్యాపారం. కిటికీ గాజు, బల్లల మీద పరిచే గాజు, నిలువుటద్దాలు అమ్ముతాడు. ఏ వస్తువైనా మూడు చోట్ల ధర అడగందే కొనడు. కూతురి మోటార్‌సైకిల్ బీమా ఆ రోజుతో ముగుస్తుంది. మూడు కంపెనీల షరతులూ ఏజెంటు చేత తెప్పించుకుని, పెన్నుతో గీతలు గీస్తున్నాడు.

"ఇలా చూడు," అన్నాడు వంటింట్లోంచి వచ్చిన భార్యతో. "మొదటివాళ్లు బండితో పాటు హెల్మెట్‌కి మాత్రం ఇస్తారట. బండి మీద తొడుక్కునే జాకెట్టూ గ్లౌజులూ పోతే మన ఖర్మ. రెండోవాళ్లు అన్నిటికీ ఇస్తారు గానీ, ఏడాది వాడితే సగం విలువే కడతారు. మూడోవాళ్లు చూడు, పాతవి పాడైతే కొత్తవాటి ధర పూర్తిగా ఇస్తారు. కాకపోతే బిల్లులుండాలి, ఒంటి మీద ఉండగా పాడైనట్టు రుజువుండాలి."

"కాగితాలు తీస్తే తినడానికి పెడతాను."

"మూడోదే తీసుకుందాం. కాస్త ఎక్కువైనా సరే."

ఆమె చేతిలో పళ్లెం అక్కడే ఆగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. కూరగాయల దగ్గర కూడా కాస్త ఎక్కువను ఒప్పుకోని మనిషి.

"నడిపేదెవరని?" అంది.

"ఎవరేంటి? అమ్మడే కదా."

ఆమె పళ్లెం కాగితాల మీదే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

అమ్మడు వాళ్లకి ఒక్కతే కూతురు. ఆడవాళ్లకి మోటార్‌సైకిల్ నేర్పడం ఆమె పని. ఊరి చివర ఖాళీ స్థలం ఒకటి అద్దెకి తీసుకుని, సున్నంతో గీతలు గీసి, పొద్దునొక జట్టుకీ సాయంత్రం ఒక జట్టుకీ నేర్పేది. మొదట్లో తండ్రి ఒప్పుకోలేదు. అద్దె పోను చేతికి నాలుగు రాళ్లు మిగులుతున్నాయని తేలాక నోరు మూసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, గాజు కొనడానికి వచ్చిన ఆడవాళ్లకి కూతురి ఫోన్ నంబరు తనే రాసిచ్చేవాడు. నాలుగు నెలల కింద, ఒక వాన రోజున, మలుపులో ఇసుక మీద బండి జారింది. తల దక్కింది, కాళ్లు దక్కాయి. ఎడమచెయ్యి మాత్రం బండి కింద పడి, తారు మీద చాలా దూరం ఈడ్చుకుపోయింది. క్లచ్ పట్టే చెయ్యి అది.

కూతురు గదిలోంచి వచ్చింది. చొక్కా తనే తొడుక్కుంది గానీ, కుడి మణికట్టు దగ్గర గుండీ అలాగే వేలాడుతోంది. అక్కడ పెట్టుకోవాలంటే ఎడమచెయ్యే కావాలి. తల్లి అడక్కుండానే వచ్చి గుండీ పెట్టింది.

"వందమందికి బండి నేర్పినదాన్ని," అంది కూతురు నవ్వుతూ. "ఒక్క గుండీకి అమ్మ రావాలి."

"పోనీలే, ఈ వంకతోనైనా నా దగ్గరికి వస్తున్నావు," అంది తల్లి. నవ్వలేదు.

నిన్న సాయంత్రం వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. తండ్రికి షాపులో సరుకు దిగుతోంది, రావడం కుదరలేదు. ఇంటికి వచ్చాక అడిగితే, పొద్దున చెబుతామన్నారు. అలసిపోయి ఉన్నాడు, సరేనని పడుకున్నాడు.

"అమ్మడూ, జాకెట్ బిల్లు ఉందా?" అన్నాడు కాగితం మీంచి తల ఎత్తకుండా.

"బీరువాలో ఉంది నాన్నా."

"గ్లౌజులదో?"

"అదీ ఉంది. పెట్టెలోనే."

"మంచిది. ఈసారి ఒక్కటీ వదల్లేదు. బూట్లు కూడా రాయిస్తున్నా."

కూతురు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి వైపు ఒకసారి చూసింది. "బండి అమ్మేద్దాం నాన్నా."

"ఇప్పుడా? పడిన బండిని ఎవడు చూసినా సగానికి అడుగుతాడు. బాగు చేయించి, నువ్వు ఒక ఆర్నెల్లు నడిపితే, అప్పుడు మాట్లాడొచ్చు."

"నేను నడపలేను. నిన్న డాక్టరు చెప్పేశాడు. ఈ మూడు వేళ్లకీ కదలికా స్పర్శా ఇక రావట. లోపల నరం అతుక్కోలేదట."

ఆయన పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. "ఒక్కచోట అడిగి ఖాయం చేసుకుంటామా? ఇంకొకరికి చూపిద్దాం."

"ఈయన మూడో ఆయన నాన్నా."

బేరం తెగనప్పుడు ఆయనకి తెలిసిన దారి ఒక్కటే, ఎదుటివాళ్ల సరుకులో లోపం పట్టుకోవడం. ఆ పనే చేశాడు.

"నీకు గ్లౌజులు ఎవరు కొన్నారు?" గొంతు పెరిగింది. "నేను కొన్నాను. కణుపుల మీద గట్టి పలకలున్నవి. కుట్టు లాగి చూసి, తోలు నలిపి చూసి మరీ తెచ్చాను. నా షాపులో గాజు మోసే మనిషి కూడా గ్లౌజులు లేకుండా పలక ముట్టుకోడు. నువ్వు చదువుకున్నదానివి, నలుగురికి నేర్పేదానివి. ఎందుకు తొడుక్కోలేదు? నాలుగు నెలలుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ రోజు అడుగుతున్నా, చెప్పు."

"ఆ రోజు బాగా ఉక్కగా ఉంది నాన్నా. చేతులు చెమట పట్టేస్తున్నాయని..."

"అబద్ధం," అంది తల్లి. "ఆ రోజు వాన."

"అమ్మా, వద్దు."

"నువ్వు వద్దంటేనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్నే తప్పు పడుతుంటే ఇక నా వల్ల కాదు." ఆమె భర్త వైపు తిరిగింది. "పోయినేడు ఇదే బల్ల దగ్గర, ఇలాంటి కాగితమే. గ్లౌజులకీ జాకెట్టుకీ కవర్ అని ఉన్న చోట గీత గీసి కొట్టేసిందెవరండీ?"

"నేనే. అయితే?"

"కొట్టేసి అమ్మడితో ఏమన్నారు?"

ఆయన నోరు తెరిచాడు. గుర్తొచ్చింది.

గాజు వ్యాపారంలో ఆయన పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. దారిలో పగిలితే డబ్బిచ్చేవాడు లేని గాజు పలక షాపు గడప దాటకూడదు. కొన్నవాడు తొందరపడ్డా సరే, పండు ముసలివాడు బతిమాలినా సరే, బీమా కాగితం వస్తేనే బండెక్కాలి. అందరూ నష్టపోయిన చోట ఆయన నిలబడింది ఆ ఒక్క పట్టుదలతోనే. సెలవుల్లో షాపుకి వచ్చి కూర్చునే ఎనిమిదేళ్ల కూతురు, బండివాళ్లకి అడ్డంగా నిలబడి, "కాగితం చూపించందే కదలకూడదు" అనేది. అందరూ నవ్వేవారు. పాప మాత్రం నవ్వేది కాదు.

పోయినేడు ఆయన అన్నది ఇది: "గ్లౌజులకీ జాకెట్టుకీ కవర్ తీయించేశాను. ఇక చిరిగితే మన నెత్తినే. చూసి వాడు." ఆ సాయంత్రమే కూతురు వాటిని తుడిచి, కొన్నప్పటి పెట్టెల్లో సర్ది బీరువాలో పెట్టింది. "బీమా లేని సరుకు గడప దాటకూడదు కదా నాన్నా" అంది. చట్టం ఒప్పుకోదు గనక హెల్మెట్ ఒక్కటి బయట ఉంచింది. ఆయన మురిసిపోయాడు. నా కూతురంటే అదీ అని షాపులో రెండు రోజులు చెప్పుకున్నాడు. పడిన నాడు ఆ ముచ్చట ఆయనకి గుర్తు రాలేదు. మళ్లీ బయటికి తీసి వాడుతోందనీ, ఆ ఒక్క రోజే తొడుక్కోలేదనీ అనుకున్నాడు.

"నువ్వు చూసి వాడమన్నావు నాన్నా," అంది కూతురు మెల్లగా. "వాడొద్దనలేదు. పెట్టెలో పెట్టింది నేను. మంచివి కదా, పెద్ద దూరం వెళ్లినప్పుడు తీద్దాం అనుకున్నాను. లెక్క నాదే."

"నీది కాదు," అన్నాడాయన. "నీకు నేర్పింది నేను."

ఆ కవర్ కొట్టేస్తే ఎంత మిగిలిందో ఆయనకి రూపాయితో సహా గుర్తుంది. ఒక అలమర అద్దం కూడా రాదు దానికి. ఆ మొత్తం నోటితో చెప్పడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

ఫోను మోగింది. ఏజెంటు.

"సార్, ఏది ఖాయం చేశారు? సాయంత్రం లోపల కట్టేయాలి."

"బండి నడిపేవాళ్లు లేరయ్యా."

"అదేంటి సార్, మేడమ్ చెయ్యి..."

"రాదు." తన నోట ఆ మాట అనడం అదే మొదలు.

"అయ్యో. అయితే గ్లౌజులకీ జాకెట్టుకీ కవర్ ఎందుకు లెండి. అమ్మేదాకా బండికి మాత్రం చట్టప్రకారం ఒకటి ఉండాలి. తక్కువలో చూస్తాను." ఏజెంటు కాస్త ఆగాడు. "ఇంకో మాట సార్, ఏమనుకోకండి. ఆ జాకెట్, గ్లౌజులు పాడవలేదన్నారు కదా. కొనేవాళ్లున్నారు నాకు తెలిసి. మంచి ధరే..."

ఆయన ఫోను పెట్టేశాడు. ధర ఎంతని అడక్కుండా ఆయన బేరం వదిలేయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తల్లి చెంగుతో మొహం తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

కూతురు బల్ల మీద తల వాల్చింది. మొహం గోడ వైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా ఎవరి ముందూ ఏడవని పిల్ల. "సున్నం గీతలు గీసిన స్థలం అలాగే ఉంది నాన్నా," అంది. "పది మంది సగంలో ఆగిపోయారు. రోజూ ఫోన్ చేస్తున్నారు. నాకు ఇంకేం చేతకాదు. ఇప్పుడేం చెయ్యను?"

ఏది అడిగినా ఏదో ఒక దారి చెప్పే మనిషి. ఇది కాకపోతే అది, ఇక్కడ పోతే అక్కడ అనే మనిషి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఏ మందు ఎక్కడ చౌకో కనుక్కున్నాడు, కట్లు మార్చేవాళ్లతో గొడవ పడ్డాడు, ఎక్స్‌రేలు మోశాడు. ఆ చేతిని మాత్రం ఇన్నాళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకున్నాడు. మందం తెలియని గాజును తడిమినట్టు, అంచుల దగ్గర భయపడుతూ, మూడు వేళ్లనీ తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి. కణుపుల మీద చర్మం నున్నగా, గులాబీ రంగులో మెరుస్తోంది.

తల ఎత్తకుండానే, గోడ వైపే చూస్తూ అంది కూతురు. "నా చెయ్యి పట్టుకో నాన్నా."

ఆయన తన గుప్పిట వైపు చూసుకున్నాడు. ఇంకాస్త బిగించాడు.

"పట్టుకునే ఉన్నానమ్మా."