నాడీకంకణం

కలయిక గది గుమ్మం దగ్గర యంత్రం పైడిరాజు మణికట్టుకు నాడీకంకణం తొడిగింది. పచ్చదీపం వెలిగాకే లోపలికి వదిలింది.

విడాకులు తీసుకున్న తండ్రులందరికీ అదే పద్ధతి. గుండె వేగం, ఊపిరి, చర్మపు తడి చూసి కంకణం మనసును కొలుస్తుంది. మనసు అదుపు తప్పితే ఎర్రదీపం వెలుగుతుంది. మూడుసార్లు వెలిగితే ఏడాదిపాటు బిడ్డను చూడనివ్వరు. కోపానికీ సంతోషానికీ గుండె ఒకేలా కొట్టుకుంటుందని చట్టం రాసినవాళ్లకు తట్టలేదు. పైడిరాజుకు ఇప్పటికి రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ కూతురు పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నప్పుడే.

అప్పటినుంచి అతను గుండె వేగం పెరగకుండా మనసులో పదమూడో ఎక్కం చదువుకుంటున్నాడు. చదువుతుంటే పెదాలు కాస్త కదులుతాయి. ఎనిమిదేళ్ల ఇందుజ అది కనిపెట్టింది. ఇప్పుడు పరుగెత్తదు. నడిచి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

"బడిలో ఏటమ్మా విశేషం?"

"ఏటీ లేదు. ఖోఖోలో గెలిచాం. అంతే."

పైడిరాజు పెదాలు కదిలాయి. ఇందుజ వెంటనే మాట మార్చింది.

"మా లెక్కల మేష్టారు కుర్చీలోంచి పడిపోయారు. ఎలాగంటే... వద్దులే, నీకు నవ్వొచ్చేస్తాది."

అతను జేబులోంచి జీళ్ల పొట్లం తీశాడు. ఇందుజ ఎడమచెయ్యి చాపింది.

"కుడిచేత్తో తీసుకో తల్లీ."

"వద్దు."

"ఆ చేతికేటైంది?"

"ఏటీ అవలేదు. నువ్వు చూడకు నాన్నా. చూస్తే ఎరుపొచ్చేస్తాది."

ఎక్కం మొదలుపెట్టాడు. పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయింది. గౌను జేబులోంచి ఆ చేతిని మెల్లగా బయటికి తీశాడు. అరచేతి నిండా బొబ్బలు.

"గంజి ఒలికింది. అమ్మ మందు రాసి కట్టు కట్టింది."

"మరి కట్టేదీ?"

"నీకు కనబడతాదని మెట్ల దగ్గర విప్పేశాను."

గదంతా ఎర్రబడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలికొచ్చిన పర్యవేక్షకురాలు అతని ముఖం చూడలేక గోడవైపు చూస్తూ, "రండి బాబూ, ఇది మూడోది" అంది.

ఇందుజ తండ్రి ఛాతీ మీద ఎడమచేత్తో గుద్దింది. "చూడొద్దని చెప్పాను కదా! చెప్తే వినవేటి?"

అంతలోనే గబుక్కున ఏడుపు మింగేసి, పరుగున వెళ్లి పర్యవేక్షకురాలి చీర పట్టుకుంది.

"ఆంటీ, మా నాన్నకేటీ అనిపించలేదు. ఒట్టు. మా నాన్నకి ఎప్పుడూ ఏటీ అనిపించదు."