లేవమనే దాకా

మార్కండేయులు చీరాల మగ్గాల వాళ్ళింట్లో పుట్టాడు. తండ్రి నేత నేర్పబోతే కొత్త పంచె మీద బొగ్గుతో ముఖాలు గీశాడట. ఆయన ముందు వీపు చీరేసి, తర్వాత తనే మద్రాసు పంపించి రెండేళ్ళు చిత్రలేఖనం చెప్పించాడు. తిరిగొచ్చాక, మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని నూనె రంగుల్లో అచ్చు దింపగలడని గుంటూరు దాకా పేరు పాకింది. షావుకార్లు, మునసబులు, రైసుమిల్లు వాళ్ళు పిలిపించుకుని బొమ్మలు వేయించుకునేవాళ్ళు. అతనికి మాత్రం తృప్తి లేదు. కోటు తొడుక్కుని బిగదీసుక్కూచున్న షావుకారు ముఖంలో కోటు తప్ప ఏముంటుంది?

1957 వేసవికి మద్రాసులో పెద్ద చిత్ర ప్రదర్శన పెడుతున్నారని కబురొచ్చింది. దానికి పంపడానికి ఒక్క మంచి బొమ్మ కావాలి. ఆ రోజుల్లో అతను నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో హుస్సేన్ సాహెబ్ బొమ్మ వేస్తున్నాడు. ఆయన మిరపకాయల వ్యాపారి, పెద్దమనిషి. తన కొట్టు వెనక గది ఇతనికి ఇచ్చాడు. గదిలో ఒక పక్కంతా బస్తాలు, ఉత్తరాన పెద్ద కిటికీ. ఆ కిటికీ వెలుగు చూసి మార్కండేయులు మురిసిపోయాడు. ఘాటొక్కటే ఇబ్బంది. ఆ గదిలో అడుగుపెట్టి దగ్గని మనిషి లేడు.

వాకిట్లో తొడిమలు తీసే ఆడవాళ్ళలో సువార్తమ్మ అని ఒక ముసలామె ఉండేది. అరవై దాటాయి. భర్త లేడు. ఒక్కడే కొడుకు ఏసోబు, పత్తి మిల్లులో పని. ఆమె ముఖం చూడగానే మార్కండేయులికి ఊపిరాగినంత పనైంది. నల్లరేగడి చేను ఎండకి బీటలు వారితే ఎలా ఉంటుందో అలా ఉంది. కారానికి మండి మండి బిరుసెక్కిన చేతులు. బొమ్మ దొరికిందనుకున్నాడు.

"నా బొమ్మా? నాదెందుకు బాబుగారూ, ఏడిసినట్టుంటది" అని నవ్వింది సువార్తమ్మ.

"నువ్వేం చెయ్యొద్దమ్మా. పీట మీద కూచో. చేతుల్లో నాలుగు కాయలు పట్టుకో. నేను లేవమనే దాకా కదలకు. అంతే."

"అంతేగా" అంది.

కూచోవడం కూడా ఒక విద్య అన్నట్టు కూచుంది. బస్తాలకు వీపు ఆనించి, తల కొంచెం వంచి, చేతుల వైపు చూస్తూ. షావుకార్లు పావుగంటకోసారి మెడ తిప్పేవాళ్ళు. ఈవిడ దగ్గు వచ్చినప్పుడు తప్ప కదిలేది కాదు. మధ్యలో ఎప్పుడైనా, "లేవమంటారా బాబుగారూ?" అని అడిగేది. అతను సరేనంటే లేచి నడుము పట్టుకుని నీళ్ళు తాగొచ్చేది. ఐదు రోజుల్లో ముఖం పూర్తయింది. అంత గొప్పగా ఎన్నడూ కుదరలేదని అతనికే తెలుసు. చేతులు మిగిలాయి.

ఆరో రోజు ఆమె వస్తూనే గడప దగ్గర ఆగింది.

"ఇయ్యాల గుండెల్లో మంటగా ఉంది బాబుగారూ. రేపొస్తానండీ?"

"రేపు తెల్లారి బండికి నేను చీరాల వెళ్ళాలమ్మా. చేతులొక్కటేగా. ఈ పూట కూచో, నీకు పుణ్యముంటుంది."

అందులో నిజం లేదు. చీరాల ప్రయాణమేమీ లేదు. ఆ రోజు కిటికీలో వెలుగు బావుంది, చెయ్యి నడుస్తోంది, అంతే. సువార్తమ్మ వచ్చి కూచుంది.

కాసేపటికి అడిగింది. "లేవమంటారా బాబుగారూ?"

"ఇంకాస్సేపు."

మళ్ళీ అడిగింది. గొంతు సన్నగా ఉంది. అతను కుంచె మీంచి చూపు తిప్పలేదు. "ఇంకాస్సేపమ్మా."

ఆ తర్వాత అడగలేదు.

ముఖంతో పని లేదు గనక అతను ముఖం చూడలేదు. చేతులే చూశాడు. ఒక ఈగ వచ్చి ఆమె బొటనవేలి మీద వాలింది. కణుపు మీద అటూ ఇటూ నడిచింది. వేలు ఉలకలేదు. ఎంత ఓపికో మహాతల్లికి, అనుకుని మురిసిపోయాడు. అలా మూడు గంటలు గడిచాయి. వెలుగు పలచబడుతుంటే కుంచె దించి, వెనక్కి జరిగి, బొమ్మ చూసుకున్నాడు. చేతులు ప్రాణమున్నట్టే ఉన్నాయి.

అప్పుడు తట్టింది... మధ్యాహ్నం నుంచీ ఈ గదిలో దగ్గు వినపడలేదు.

తల ఎత్తి ముఖం చూశాడు.

ఏసోబు మిల్లు నుంచి పరిగెత్తుకొచ్చాడు. పాస్టరు జక్రయ్యగారు వచ్చారు. తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చి ఏడ్చి, ఏసోబు అడిగాడు. "ఎప్పుడు పోయింది బాబుగారూ? ఏమన్నా అడిగిందా? నా పేరన్నా తలుచుకుందా?"

మార్కండేయులు బొమ్మ వైపు చూస్తూ అన్నాడు. "ఇప్పుడే నాయనా. లేవమన్నాను. లేవబోతూ ఒరిగిపోయింది."

జక్రయ్యగారు ఆమె చెయ్యి పట్టుకుని చూసి, ఇతని వంక ఒక్క చూపు చూశారు. ఇప్పుడే పోయిన మనిషి అలా బిగుసుకుపోదు. కూచున్నదాన్ని కూచున్నట్టే ఎత్తుకెళ్ళారు. శవపెట్టెలో పట్టించడానికి వాళ్ళ పేట మగవాళ్ళు నలుగురు పట్టి మోకాళ్ళు విరిచి సాగదీయాల్సి వచ్చింది. ఆ చప్పుడు వాళ్ళింటి అరుగు మీద నిలబడ్డ మార్కండేయులికి వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం సామాను సర్దుకుందామని గదిలోకి వెళ్ళాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వాకిట్లో ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ తొడిమలు తీస్తున్నారు. రంగుల పెట్టె మూస్తూ ఉంటే వెనక నుంచి, ఎప్పటి గొంతే, మెల్లిగా...

"లేవమంటారా బాబుగారూ?"

తిరిగి చూశాడు. పీట ఖాళీ. బస్తాలకు ఆమె వీపు ఆనిన చోట గోనె లోపలికి నొక్కుకుని ఉంది. అతను చూస్తుండగానే ఇంకాస్త నొక్కుకుంది. ఒళ్ళు బరువైన మనిషి కాస్త సర్దుకుని కూచున్నట్టు.

పెట్టె అక్కడే పారేసి బయటపడ్డాడు. రెండు రోజులు జ్వరం. హుస్సేన్ సాహెబ్ తన ఇంట్లోనే పడుకోబెట్టి, తాయెత్తు కట్టించి, గంజి పట్టించాడు. అక్కడా మధ్యాహ్నమయ్యేసరికి కొట్టు వైపు నుంచి అదే మాట. ఇంకెవరికీ వినపడదు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. దూది లోపల వినపడింది.

మూడో రోజు ఏసోబు వచ్చాడు. గడప లోపలికి రాలేదు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబుగారూ, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి."

"అడుగు ఏసోబూ."

"మా అమ్మ రోజూ కలలోకొస్తోంది. ఇంటికి రాకుండా ఎక్కడో కూచుంది. ఎందుకే అక్కడ కూచున్నావంటే, బాబుగారు లేవమనలేదురా అంటోంది." ఏసోబు గుమ్మం పట్టుకున్నాడు. "లేవమన్నాను, లేవబోతూ ఒరిగిందన్నారుగా మీరు?"

మార్కండేయులు ఆ మనిషి కళ్ళలోకి చూడలేకపోయాడు. గోడ వైపు తిరిగి మొత్తం చెప్పేశాడు. గుండె మంట సంగతి. చీరాల ప్రయాణమని చెప్పిన అబద్ధం. రెండుసార్లు అడిగిన సంగతి. ఈగ సంగతి కూడా. ఏసోబు కొడతాడనుకున్నాడు. కొడితే బావుండుననుకున్నాడు. ఏసోబు కొట్టలేదు. "అయితే రండి. ఆ మాటేదో ఇప్పుడన్నా అనండి" అన్నాడు.

ఇద్దరూ కొట్టు గదిలోకి వెళ్ళారు. హుస్సేన్ సాహెబ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. కిటికీలోంచి వెలుగు పీట మీద పడుతోంది. వాకిట్లో కబుర్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఘాటు లేదు. ముగ్గురిలో ఒక్కరికీ దగ్గు రాలేదు.

"లేవమంటారా... బాబుగారూ?"

ఈసారి ఏసోబుకి కూడా వినపడింది. "అమ్మా" అని నోరు నొక్కుకున్నాడు.

మార్కండేయులు చేతులు జోడించాడు. "లేమ్మా. లే సువార్తమ్మా. తప్పయిపోయింది. లేచి వెళ్ళిపో తల్లీ."

పీట కిర్రుమంది. బస్తాలు ముందుకు కదిలాయి. ఎవరో బలమంతా కూడదీసుకుని లేవబోయినట్టు ఒక మూలుగు. మళ్ళీ పీట మీద కూలబడిన చప్పుడు. మళ్ళీ మూలుగు. మళ్ళీ అదే చప్పుడు.

తర్వాత గొంతు వచ్చింది. కోపం లేదందులో. జాలి కూడా లేదు.

"మోకాళ్ళు లేవుగా బాబుగారూ. ఎట్టా లేసేది?"

ఏసోబు నేల మీద పడిపోయాడు. మార్కండేయులు ముందుకెళ్ళి ఖాళీ పీట వైపు రెండు చేతులూ చాపాడట. పైకి లేపుదామని. చేతులకేం తగిలిందో అతను ఎన్నడూ చెప్పలేదు. హుస్సేన్ సాహెబ్ మాత్రం చెప్పేవాడు: మనిషి నడుము వంగింది, కాళ్ళు తన్నిపట్టాడు, బావిలోంచి నిండు బొక్కెన లాగినట్టు మెడ నరాలు తేలాయి... అలా ఎంతసేపు లాగాడో. చివరికి వెల్లకిలా పడ్డాడు. సాహెబ్ ఇద్దర్నీ ఈడ్చుకొచ్చి గదికి తాళం వేశాడు. బొమ్మ లోపలే ఉండిపోయింది. ఆ తాళం ఆయన మళ్ళీ తియ్యలేదు.

ఏసోబుకి ఆ రోజు తర్వాత తల్లి కలలోకి రాలేదు. ఆమె లేచిందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

మార్కండేయులు చీరాల వచ్చేశాడు. సువార్తమ్మ సంగతి భార్యకి చెప్పుకున్నాడు. మనుషుల బొమ్మలు మానేశాడు. కొట్లకీ, లారీలకీ పేర్లు రాస్తూ బతికాడు, ఉట్టి అక్షరాలు. అంతటితో పోయిందనుకున్నాడు. కానీ ఒక మధ్యాహ్నం అన్నం తిని లేవబోతే కాళ్ళు రాలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. లేవడం అనేది ఒంట్లోంచి ఎవరో తీసేసినట్టుంది. భార్య వెంకటేశ్వరమ్మ ఎంగిలి ఆకు తీద్దామని వచ్చి, "ఇంకా కూచునే ఉన్నారేం, లేవండి" అంది. లేచాడు.

అప్పట్నుంచీ రోజూ అంతే. మధ్యాహ్నం దాటాక ఎక్కడ కూచుంటే అక్కడే, ఇంకొకరు లేవమనే దాకా. డాక్టరు సూదులతో గుచ్చి చూసి ఏమీ లేదన్నాడు. వెంకటేశ్వరమ్మ అలవాటు పడింది. పిల్లల్లేని సంసారం. ఏ పనిలో ఉన్నా సాయంత్రం లోపు వచ్చి, మెల్లిగా "లేవండి" అనేది. ఆవిడ రాక ఆలస్యమైతే అతను గుమ్మం వైపు చూస్తూ కూచునేవాడు. దాహమేసినా, వాన జల్లు మీద కొడుతున్నా.

ఏడేళ్ళు గడిచాయి. ఒక రోజు వెంకటేశ్వరమ్మ వేటపాలెంలో చెల్లెలికి ఒంట్లో బాగోలేదంటే చూసి రావడానికి బయల్దేరింది. అతను మంచం మీద నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకని, బయట గొళ్ళెం పెట్టి తాళం వేసింది. తిరిగొచ్చేసరికి దీపాల వేళ దాటింది. అయ్యో, ఇంతసేపూ ఎలా కూచున్నాడో మనిషి, అనుకుంటూ గబగబా తాళం తీసింది.

మార్కండేయులు చీకట్లో, ఇంటి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట.

"ఎవరు లేపారండీ?" అంది. తాళంచెవి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

అతను మంచానికి ఇంకో అడుగు దూరం జరిగాడు.

గొంతు తగ్గించి అడిగింది. "ఆవిడేనా... సువార్తమ్మా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ గొంతు నాకు తెలీదూ? ఎవరో ఆడపిల్ల. ఐదారేళ్ళుంటాయేమో. నా చెవి దగ్గరకొచ్చి... 'లే తాతా, తొందరగా లే. నువ్వు కూచున్న చోట మా నాన్న కూచుంటాడు' అంది."

వెంకటేశ్వరమ్మ మంచం వైపు చూసింది. దీపం వెలిగించడానికి చెయ్యి రాలేదు.

ఆ రాత్రి ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కూచోలేదు.