పెట్టె మీద క్వాంగ్ పేరు

ఆదివారం పొద్దున్న అమెరికాలో, శాన్ హోసేలోని ఆ వియత్నాం వాళ్ళ ఇంట్లో ఎముకల పులుసు వాసన గుప్పుమంటోంది. సువాన్ అందరికీ బియ్యపు సేమ్యా మీద పులుసు పోసింది. తను మాత్రం గంజి ముందు కూర్చుంది. నాలుగు నెలలుగా ఆవిడకి అదే తిండి. అది మొగుడి కంటపడితే కదా! క్వాంగ్ ఫోన్లో చదరంగం స్నేహితుడికి కోతలు కోస్తున్నాడు.

"కెమెరా పెట్టి పేగులన్నీ చూశారోయ్! లోపల పాతికేళ్ళ కుర్రాడినట!"

ఏడాది కిందటి పరీక్ష అది. ఆ గొప్ప ఇంకా అరగలేదు మహానుభావుడికి.

కూతురు డియెప్ ఓ చిన్న పెట్టె బల్ల మీద పెట్టింది. పేగుల్లో క్యాన్సర్ ఉందేమోనని మలం పరీక్షకి ఆసుపత్రివాళ్ళు పోస్టులో పంపేది. ఇంట్లోనే పుల్లతో కాస్త తీసి తిప్పి పంపాలి.

"అమ్మా, ఈసారి నీ పేరు మీద వచ్చింది. పారేశావంటే ఊరుకోను."

క్వాంగ్ పకపకా నవ్వాడు. "దానికి అలవాటేలే! పోయినేడు నా పేరు మీద వచ్చినదాంట్లో తనదే పెట్టి పంపింది. మగాణ్ణి, నేనా పుల్ల పట్టుకు కూర్చుంటానా?"

డియెప్ తింటున్న చెంచా కింద పెట్టేసింది. పోయినేడు ఆ పరీక్షలోనే రక్తం కనబడింది. అందుకే నాన్నకి కెమెరా పెట్టారు. ఏమీ లేదన్నారు.

"అయితే ఆ రక్తం అమ్మదా?"

క్వాంగ్ ఫోన్ పెట్టేశాడు.

"నాన్నా! నీకేమీ లేదన్నప్పుడైనా తట్టలేదా?"

"తట్టింది," అన్నాడు క్వాంగ్ తలవంచుకుని. "చెబితే మోసం చేశామని బీమా పీకేస్తారనుకున్నా. అదీ బాగానే తిరుగుతోంది కదా అని..."

"అమ్మని చంపుకుతిన్నావు నాన్నా!"

"ఆయన్నేమీ అనకు," అంది సువాన్. "నాకూ తెలుసు. నలుగురిలో ఆయన అబద్ధాలకోరు కాకూడదని నోరు మూసుకున్నా. ఆయనకేమీ లేదని తెలిసిన రోజు బాతు కూర వండి మీ అందరికీ వడ్డించింది నేనేగా."

నెల తిరక్కుండానే పరీక్షలన్నీ అయి డాక్టరు ముందు కూర్చున్నారు ముగ్గురూ. ఇంగ్లీషు ఒక్క డియెప్‌కే వచ్చు. ఇన్నేళ్ళూ డాక్టరు మాటల్లో చేదు తీసేసి చెప్పడం ఆ పిల్లకి అలవాటు. ఈసారి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది. "క్యాన్సర్ కాలేయం దాకా పాకిందట. ఏడాది ముందే తెలిసుంటే కోసి తీసేసేవాళ్ళట."

క్వాంగ్ భార్య చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయి నలభై రెండేళ్ళలో నలుగురి ముందు ఆయన ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. భోరున ఏడుస్తూ కూతురి వైపు తిరిగాడు.

"పోయినేడు అమ్మది నా పేరు మీద పోయింది కదమ్మా... ఈ జబ్బు కూడా నా పేరు మీద రాసేయమని చెప్పు."

ఏమంటున్నాడని అడిగాడు డాక్టరు. డియెప్ అమ్మ వైపు తిరిగింది.

సువాన్ చీర కట్టే మనిషి కాదు, కొంగు లేక చొక్కా చేతితోనే మొగుడి మొహం తుడిచింది.

"ఊరుకోండి," అంది మెల్లగా, "నలుగురూ చూస్తున్నారు."